దుబాసి పోయిన యంత్రము: పాత కంప్యూటరు రేవులును, తెరయును

నల్లగొండ, మహబూబునగరు సీమలోని పాత కుటుంబముల పెట్టెలలో సేత్వారు కాగితములు నేటికిని దొరకును. కాగితము చినుగలేదు, సిరా వెలియలేదు. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు అన్నియు యథాస్థానముననే యున్నవి. కాని వ్రాత ఉర్దూ. నైజాము రాజ్యమున 1880వ దశకమున పారసీ స్థానమునకు ఉర్దూ వచ్చి సర్కారు భాష యయ్యెను. 1948 తరువాత దాని ప్రాబల్యము తగ్గెను. 1966లో అధికార భాషా శాసనము తెలుగునకు పీట వేసెను. 1984లో పట్వారీ ఉద్యోగమే రద్దయ్యెను. ఆ గొలుసు వ్రాతను చూడగనే చదివి యర్థము చెప్పగలవారు ఒక్కొక్కరుగ కాలధర్మము నొందుచున్నారు. భూమి తగాదా వచ్చినప్పుడు కాగితము చేతిలోనే యుండును. నోరు మాత్రము విప్పదు. పత్రము చావలేదు, దుబాసి పోయెను.

గ్రంథాలయములందు, పాఠశాలలందు, పంచాయతీ కార్యాలయములందు ఒక మూలను గుడ్డ కప్పుకొని కూర్చున్న పాత డెస్క్‌టాప్ కంప్యూటరు గతియు ఇదియే. మీట నొత్తిన పంకా తిరుగును, చిన్న దీపము వెలుగును. తెరపై బొమ్మ మాత్రము సరిగ నిలువదు. మౌసు కదలదు. ప్రింటరు పలుకదు. వచ్చినవాడు చూచి "ఇది పాతబడినది, పారవేయుడు" అని తీర్పు చెప్పి పోవును. ఆ తీర్పు పెక్కుసారులు విచారణ లేని తీర్పు. యంత్రమునకును దాని అవయవములకును నడుమ మాట నందించు చిన్న ప్రోగ్రామును డ్రైవరు అందురు. పేరును బట్టి బండి తోలువాడని యనుకొనరాదు; అది చేయునది దుబాసి పని. ఆ దుబాసి లేకపోవుటయే పెక్కు పాత యంత్రముల మూగతనమునకు కారణము.

పోర్టు అను మాటకు రేవు అని యర్థము. సముద్రమెరుగని ఈ మెట్ట సీమలో రేవనగా బీచుపల్లి వద్దనో వాడపల్లి వద్దనో కృష్ణను దాటు చోటు. ఆవలి సరకు ఈవలికి, ఈవలి సరకు ఆవలికి పోవుటకు నియమించిన తావు. కంప్యూటరు వెనుక గోడకున్న రంధ్రములన్నియు నట్టి రేవులే.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు నేటి డెస్క్‌టాప్ యంత్రములకు మూలపురుషుడు. ఆ వంశపు యంత్రములకు చిరకాలము రెండు రేవులు ముఖ్యములుగ నుండెను. ఒకటి ప్రింటరు రేవు. దీనికి 25 రంధ్రములు. ఎనిమిది తీగలపై ఎనిమిది బిట్లు ఒక్కసారిగ నడచును, పల్లకీ బోయీలు కలిసి అడుగు వేసినట్లు. కావుననే దీనికి పారలల్ పోర్టు అని పేరు. రెండవది సీరియల్ పోర్టు. ఇందు బిట్టు వెనుక బిట్టు చీమలబారువలె పోవును. దీనికి ఆధారమైన ఆర్.ఎస్. 232 నియమము 1960 నాటిది. అనగా రేవు పాతది, ఊరు క్రొత్తది.

యంత్రము లోపల ప్రతి రేవునకు ఒక నంబరు కలదు. ప్రింటరు రేవునకు సాధారణముగ 378, మొదటి సీరియల్ రేవునకు 3ఎఫ్8. ఇవి పదికి బదులు పదునారు మూలముగ వ్రాయు సంఖ్యలు గనుక నడుమ అక్షరము వచ్చుచున్నది. ఇవిగాక, "పని వచ్చినది, చూడుడు" అని యంత్రమును పిలుచు గంటలకు వేరు నంబర్లు కలవు: ప్రింటరునకు 7, మొదటి సీరియల్ రేవునకు 4. పూర్వపు కార్డులలో ఈ నంబర్లను జంపరు అను చిన్న తొడుగును ఒక సూదుల జంటనుండి తీసి వేరొక జంటకు తొడిగి, చేతితో నిర్ణయింపవలసి యుండెను. రెండు కార్డులకు ఒకే నంబరు పడినచో ఒకే సర్వే నంబరుపై ఇద్దరికి పట్టా యిచ్చినట్లే యగును. పొలమైనచో కోర్టు కలదు. కంప్యూటరునకు కోర్టు లేదు గనుక రెండు కార్డులును మూగవోవును. 1990వ దశకపు నడుమ వచ్చిన ప్లగ్ అండ్ ప్లే పద్ధతి ఈ నంబర్ల పంపకమును యంత్రమునకే అప్పగించెను. ఆరంభమున అది చేసిన పంపకములు, పాలు తెలియని పెద్దమనుషుల పంపకములవలె, క్రొత్త తగాదాలను పెట్టినవి.

తరువాత 1996 జనవరిలో యు.ఎస్.బి. నియమము వెలువడెను. ఇంటెల్ సంస్థలో ఆ పనికి ముఖ్యుడైన అజయ్ భట్టు బరోడా విశ్వవిద్యాలయమున చదివినవాడు. కీబోర్డు, మౌసు, ప్రింటరు, కెమెరా, అన్నిటికి ఒకే రేవు చాలునన్నది దాని సారము. అంతటితో పాత రేవులు వెలవెలబోయినవి. అవి చెడలేదు. ఓడలు రాలేదు, అంతియే.

రేవు మూగవోవుటకు మరియొక చిన్న కారణము కలదు. దానిని చెప్పక విడువరాదు, ఏలయన పెక్కు యంత్రములు దీనివలననే అటకకెక్కినవి. మదర్‌బోర్డుపై పెద్ద నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. దాని పేరు సి.ఆర్. 2032, బలము 3 వోల్టులు. కరెంటు లేని వేళ తేదీని, ఏ రేవు తెరచియుండవలెను, ఏది మూయవలెను అను నిర్ణయములను అది కాపాడును. కొన్ని యేండ్లకు అది యెండిపోవును. అప్పుడు యంత్రము తన పుట్టిననాటి తేదీకి మరలిపోయి, చేసిన మార్పులన్నిటిని మరచును. తేదీ వెనుకకు పోవుచున్నదని కనిపెట్టినవాడు కొద్ది రూపాయలతో రోగమును కుదుర్చును. కనిపెట్టనివాడు యంత్రమునే పారవేయును.

తెర కథ ఇంతకంటె రసవంతము, తెలుగువారికి మరింత సన్నిహితము.

1981 నాటి యంత్రమునకు రెండు విధముల తెర కార్డులుండెను. ఒకటి అక్షరములకు మాత్రమే. అది తెరను 25 వరుసలుగ, వరుసకు 80 గడులుగ విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరమును నిలుపును. అక్షరముల ఆకారములు 256. అవి కార్డుపైనున్న చిప్పులో స్థిరముగ చెక్కబడినవి, మార్చుటకు వీలు లేనివి. రెండవ కార్డు బొమ్మలు గీయగలదు గాని దానికి చుక్కలు తక్కువ. నలుపు తెలుపులతో సరిపెట్టుకొన్నచో అడ్డముగ 640, నిలువుగ 200. దాని అక్షరపు గడికి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల యెత్తు.

ఆంగ్లాక్షరమునకు 8 చుక్కలు చాలును. తెలుగునకు చాలవు. స్త్రీ అను ఒక్క అక్షరమును చూడుడు. నడుమ సకారము, తలపై గుడి దీర్ఘము, అడుగున తకారపు వత్తు, దానితో రకారపు వత్తు. దీనిని 8 చుక్కల యెత్తులో ఇముడ్చుట చిట్టెడు గిన్నెలో పుట్టెడు ధాన్యము పోయుటయే. ఆకారములు 256 యున్నను చాలవు. నల్లగొండనుండి 1922లో నీలగిరి పత్రిక వెలువడిన నాడును, 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిన నాడును, తెలుగు అచ్చుకూటములో కంపోజిటరు యెదుట సీసపు అక్షరముల గడులు వందలకొలది యుండెడివి. హల్లునకు గుణింతము, గుణింతమునకు వత్తు, వత్తునకు మరల వత్తు. ఈ సంపదయే యంత్రము కంటికి భారమయ్యెను.

ఈ చిక్కు తెలుగునకు మాత్రమే వచ్చినది కాదు. థాయి లిపికిని తలపై గుర్తులు, అడుగున గుర్తులు కలవు. అమెరికాలో డాక్టరేటు పరిశోధన చేయుచుండిన వాన్ సువన్నుకుల్ అను థాయి విద్యార్థికి తన వ్రాతపని తన లిపిలో జరుపుకొన వలసివచ్చెను. ఒక కార్డుకు చుక్కలు చాలవు, మరియొక కార్డులో తన అక్షరములే లేవు. అతడు 1982లో తానే యొక కార్డు నిర్మించెను: అడ్డముగ 720 చుక్కలు, నిలువుగ 348. హెర్క్యులీస్ అను పేర అది లోకమంతట అమ్ముడుపోయెను. తన అక్షరము కొరకు ఒకడు పడిన పాటు ఇతరులందరికి బొమ్మల తెర నిచ్చెను. కంప్యూటరు చరిత్రలో ఇంతటి ముచ్చటైన ఘట్టములు మిక్కిలి కొలది.

హైదరాబాదునకు కంప్యూటరు నిర్మాణము అప్పటికే క్రొత్త కాదు. 1967 ఏప్రిల్ 11న అచట ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున టి.డి.సి. 12, 312, 316 అను కంప్యూటర్లను నిర్మించెను. కాని అవి లెక్కలకును, విజ్ఞాన కార్యములకును ఉద్దేశించినవి. వత్తుల గొడవ వానికి లేదు. భారతీయ లిపుల పని కాన్పూరు ఐ.ఐ.టి.లో సాగి, 1988లో పూనాలో ఏర్పడిన సి-డాక్ సంస్థకు చేరెను. అచటినుండి వచ్చినది జిస్ట్ కార్డు. దీనిని యంత్రము లోపలి గాడిలో గ్రుచ్చినచో, ఆంగ్లమునకై వ్రాసిన ప్రోగ్రాములలోనే తెలుగు, కన్నడము మొదలైన లిపులు తెరపై కనబడెను. ప్రోగ్రాము తాను మామూలు అక్షరములనే పంపుచున్నానని తలచుచుండును; నడుమ నిలిచిన కార్డు వత్తులను, గుణింతములను కూర్చి తెరపై గీయును. దుబాసి యను మాటకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు. 1980వ దశకము చివర జాతీయ సమాచార కేంద్రపు కంప్యూటర్లు జిల్లా కేంద్రములకు వచ్చినవి. 1998 నవంబరులో కార్డ్ అను పథకముతో రిజిస్ట్రేషను కార్యాలయములకును కంప్యూటర్లు ప్రవేశించినవి. పల్లెవాడు తన పొలము పత్రమును కంప్యూటరు కాగితముపై చూచుట ఆ కాలముననే ఆరంభమయ్యెను.

కాగితమనగా ప్రింటరు. ఆ నాటి డాట్ మాట్రిక్సు ప్రింటరు తలలో నిలువుగ 9 సూదులుండెడివి. అవి రిబ్బనును గ్రుచ్చి చుక్కలు పెట్టుచు, కిఱ్ఱుమని యిల్లెల్ల వినబడునట్లు సాగును. ఆంగ్లమునకు దాని పొట్టలోనే అక్షరములు కలవు. తెలుగునకు లేవు గనుక, యంత్రము ప్రతి నిలువు వరుసకు ఏ సూది దిగవలెనో ఏది దిగరాదో లెక్కగట్టి, ఆ లెక్కను ప్రింటరు రేవుగుండ పంపవలసియుండెను. ఒక తెలుగు పంక్తికి తల పెక్కుమారులు అటునిటు తిరుగును. పుట ముగియుటకు పట్టు కాలమున ఒక చుట్ట కాల్చవచ్చును. అయినను ఆ పుటను చూచినవారికి అది అద్భుతమే.

1987లో వి.జి.ఏ. వచ్చుటతో చుక్కల కరవు తీరెను: 640, 480. ఆ 15 సూదుల రేవు ముప్పదియేండ్లు నిలిచెను. మొదటి మూడు సూదులు వరుసగ ఎఱుపు, ఆకుపచ్చ, నీలము. తెల్లని తెర పసుపుగ కనబడినచో నీలపు సూది వంగినదనియో తీగ తెగినదనియో తెలియవలెను. దానికి మానిటరు మార్చువారు కలరు. వారి సొమ్ము వారిది.

చుక్కలు వచ్చినవి, తెలుగు అక్షరములును వచ్చినవి. కాని క్రొత్త చిక్కు తెచ్చినవి. 1990వ దశకమున అచ్చుపనికి వచ్చిన తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను దాచినవి. ఒక ఫాంటులో కకారమున్న చోట మరియొక ఫాంటులో వత్తు. ఆ ఫాంటు ఉన్న యంత్రమున చక్కని తెలుగు. లేని యంత్రమున అర్థము లేని ఆంగ్లపు చిందరవందర. ఇస్కి అను భారతీయ ప్రమాణము 1991లో స్థిరపడెను. ఆ యేడే వచ్చిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు కేటాయించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తనతో గౌతమి అను తెలుగు ఫాంటును తెచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను ఫాంట్లను కూర్చి స్వేచ్ఛగ వాడుకొను అనుమతితో లోకమునకిచ్చిరి. 2010 తరువాత వచ్చిన ఉచిత ఫాంట్లలో సురవరం అను పేరుగలదియు నొకటి. అయినను అంతకు ముందరి పదునైదేండ్లలో ఊరూర టైపు చేసిన చరిత్రలు, సభ్యుల పట్టికలు, స్థల పురాణములు ఆ పాత ఫాంట్లలోనే యుండిపోయినవి. అవి సేత్వారు కాగితములకు తోబుట్టువులు.

ఇక దుబాసీల కథ. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధనాలయమునకు ఒక లేజరు ప్రింటరు కానుకగ వచ్చెను. కాగితము ఇరుకుకొన్నప్పుడు అందరికి తెలియజేయునట్లు దాని ప్రోగ్రామును సవరింపవలెనని రిచర్డ్ స్టాల్‌మన్ తలచెను. మూలము చూపుటకు దాని యజమానులు నిరాకరించిరి. ఆ ప్రింటరు పోరు ఆయన మనసులో నాటుకొనెను. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. అప్పటినుండి డ్రైవరు వ్రాయుట ఒక సంస్థవారి గుత్త కాక, చేతనైనవాని హక్కయ్యెను. కొందరు కార్డు నిర్మాతలు తమ కార్డు మాటలాడు భాషను వెల్లడింపలేదు. అట్టిచోట ఔత్సాహికులు కార్డునకు ఏ అంకె పంపిన ఏమి చేయుచున్నదో కనిపెట్టుచు, పాడుబడిన శాసనమును అక్షరాక్షరము కూర్చి చదివినట్లు, ఆ భాషను తామే పట్టుకొనిరి. ఎన్విడియా కార్డులకు అట్లు పుట్టిన నువో అను డ్రైవరు 2010లో లినక్సు మూలమున చేరెను. హైదరాబాదున 2005లో ఏర్పడిన స్వేచ్ఛ అను సంస్థవారు లినక్సు ఆధారముగ తెలుగున పనిచేయు వ్యవస్థను కూర్చిరి.

యజమాని గల దుబాసి యజమాని చెప్పిన నాడు కొలువు మానును. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న రక్షణ సవరణలు నిలిచిపోయినవి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ పోషణ ముగిసెను. దాని వెనుకటి విండోస్ 11 పాత ప్రాసెసరులను, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు లేని యంత్రములను అంగీకరింపదు. దానివలన ఏ దోషము లేని యంత్రములు పెక్కు ఒక్కనాటితో వృద్ధులయ్యెను.

అట్లని లినక్సు పక్షమున అంతయు పాలు పొంగిన యిల్లని చెప్పుట న్యాయము కాదు. ఎవరును వాడని దుబాసిని వారును సాగనంపుదురు. సావేజ్, సిస్ మొదలగు పాత తెర చిప్పులకు ముమ్మానపు బొమ్మలలో సాయపడు డ్రైవర్లను 2023లో లినక్సు 6.3లో తొలగించిరి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల యంత్రములపై క్రొత్తగ ప్రతిష్ఠించుటకు ఏర్పాటు మానెను. 2023 నాటి డెబియన్ 12 వరకే ఆ సౌకర్యము. భేదమొక్కటే: తొలగించిన డ్రైవరు యొక్క మూలము దాచబడియుండును; కావలసినవాడు చదివి మరల నిలుపవచ్చును. పోయిన పట్వారీ నిఘంటువు వ్రాసిపెట్టి పోయినట్లు.

పాత యంత్రమును నిలుపువారు అనుసరించు క్రమము ఇది. మూత తీసి దుమ్ము దులుపుదురు. మెమరీ పలకను తీసి మరల గట్టిగ కూర్చుదురు. కెపాసిటర్ల తలలు ఉబ్బినవేమో చూతురు. 2000 తరువాతి కొన్నియేండ్ల బోర్డులలో ఆ రోగము హెచ్చు. బ్యాటరీ మార్చి, సెటప్పులో రేవులు తెరచియున్నవో లేదో సరిచూతురు. వేరుగ తెర కార్డు గ్రుచ్చియున్నచో బోర్డుమీది రేవు సాధారణముగ మూతపడును గనుక, మానిటరు తీగను కార్డునకే తగిలింతురు. తెర నల్లబడినచో నోమోడ్‌సెట్ అను మాటను చేర్చి లినక్సును లేపుదురు. అప్పుడది కార్డు సొంత భాషను విడిచి, వెసా అను పొత్తు భాషలో మాటలాడును. చాలవరకు తెర కార్డులకు ఆ భాష కొంత వచ్చును. బొమ్మ మెల్లగ కదలును గాని కనబడును. కనబడిన తరువాత సొంత దుబాసిని వెదకుట సుకరము. పాత పారలల్ ప్రింటరునకును లినక్సులో డ్రైవరు కలదు. రేవు తెరచియుండవలెను, అంతియే.

ఇట్లు లేచిన యంత్రము నేటి వెబ్‌సైట్లను ఈడ్వలేదు. 512 మెగాబైట్ల మెమరీతో అది ఆశింపరాదు. పాత గాజు మానిటరు త్రాగు కరెంటును లెక్కింపవలెను. గ్రంథాలయపు పట్టికకు, పుస్తకముల రాకపోకల లెక్కకు, పిల్లల తెలుగు టైపు అభ్యాసమునకు అది చాలును.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. దానిని తలక్రిందుగ చేసి చెడినవారు పెక్కురు. క్రొత్త వ్యవస్థను ప్రతిష్ఠింపగనే పాత హార్డుడిస్కులోని వ్రాతలు తుడిచిపెట్టుకొనిపోవచ్చును. కావున ముందుగ ఆ డిస్కును విప్పి, వేరొక మంచి యంత్రమునకు తగిలించి, అందలి ఫైళ్ళను రెండు ప్రతులు తీయవలెను. ఫైళ్ళు మాత్రమే తీసినచో సగము పనియే యగును. విండోస్ అను అరలో ఫాంట్స్ అను గది యుండును. ఆ ఫైళ్ళు ఏ ఫాంట్లతో టైపు చేయబడినవో ఆ ఫాంట్లు అందుండును. వానిని కూడ తీసి, ఏ ఫైలు ఏ ఫాంటుతో తెరువవలెనో ఒక కాగితముపై తెలుగులో వ్రాసి, ఆ కాగితమును డిస్కుతో కట్టి బీరువాలో పెట్టవలెను.